మితాక్షరా కర్త విజ్ఞానేశ్వరుడు – మా ఆరెకరాలు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి వ్రాసి పంపమని కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు, విజ్ఞానేశ్వరుని గురించి వ్రాస్తానండీ అన్నాను. అవతలి నుంచి కొంచెంసేపు మాట లేదు. ఆయన ఏ శాఖలో పనిచేశారండీ అని అడిగారు కార్యదర్శి గారు. తప్పు ఆయనది కాదు. ముప్పయ్యారేళ్ళు రెవెన్యూలో రాతకోతలు చేసి రిటైరైన నాకే ఆ పేరు తెలియదు. తెలిసిందల్లా మితాక్షర అన్న మాట. కోర్టు నుంచి వచ్చే డిక్రీ నకళ్ళలో, వకీళ్ళ నోటీసుల్లో, వాది ప్రతివాదులు మితాక్షర హిందూ ఉమ్మడి కుటుంబ సభ్యులు అని మొదటి పేరాలోనే ఉండేది. అదేదో కులం పేరో, చట్టం పేరో అనుకుని సంతకం పెట్టి ఫైలు పైకి పంపేవాణ్ణి. అది ఒక పుస్తకం పేరని, ఆ పుస్తకం వ్రాసింది ఒక సన్న్యాసి అని, ఆయన ఉన్న ఊరు మన హైదరాబాదు నుంచి బొంబాయి రోడ్డు పట్టుకుంటే సగం పూట ప్రయాణమేనని డెబ్భై దాటిన తరువాత తెలుసుకున్నాను. ఎందుకు తెలుసుకోవలసి వచ్చిందో చివర చెబుతాను. అది నా సొంత గొడవ.

విజ్ఞానేశ్వరుడు భారద్వాజ గోత్రీకుడు. తండ్రి పద్మనాభ భట్టోపాధ్యాయుడు. గురువు పేరు ఉత్తముడు. సన్న్యాసం స్వీకరించి పరమహంస పరివ్రాజకుడయ్యాడు. ఈ సంగతులు ఆయన తన గ్రంథం చివర తానే చెప్పుకున్నాడు. పశ్చిమ చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుడు కల్యాణ నగరంలో రాజ్యం చేస్తున్న కాలం. ఆ రాజు 1076లో సింహాసనం ఎక్కి 1126 దాకా యాభై ఏళ్ళు ఏలాడు. అప్పటిదాకా వాడుకలో ఉన్న శక సంవత్సరాన్ని పక్కన బెట్టి తన పేర చాళుక్య విక్రమ శకం మొదలుపెట్టించాడు. కాశ్మీరం నుంచి బిల్హణుడు అనే కవి అంతదూరం నడిచివచ్చి ఆ కొలువులో చేరి, రాజు మీద విక్రమాంకదేవ చరితం అనే కావ్యం వ్రాశాడు. విజ్ఞానేశ్వరుడు కూడా గ్రంథాంతంలో ఆ నగరాన్ని, ఆ రాజును, పనిలో పనిగా తన పాండిత్యాన్ని కూడా సాటిలేనివని పొగుడుకున్నాడు. సన్న్యాసికి అంత మాట ఎందుకని మొదట అనిపించింది. పుస్తకం చదువుతుంటే ఆ ఒక్క శ్లోకం ఆయనకు క్షమించవచ్చుననిపించింది.

మన మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతం కూడా ఆ కాలంలో కల్యాణి చాళుక్యుల ఏలుబడిలోదే. తూర్పున కొలనుపాక వారి ముఖ్య స్థావరాల్లో ఒకటి. ఓరుగల్లు కాకతీయులు అప్పటికి వారి సామంతులు. రుద్రదేవుడు స్వతంత్రుడైనట్లు 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం చెబుతుంది. అంటే ఆయన పుట్టిపెరిగిన రాజ్యమూ మన తాతల ఊళ్ళూ ఒకే కచ్చేరి కిందివి. తరువాత ఎన్నో శతాబ్దాలకు మళ్ళీ నిజాం రాజ్యంలో కూడా కల్యాణి మనతోనే ఉంది. బీదరు జిల్లాలో నవాబుగారి జాగీరు. 1956లో రాష్ట్రాల పునర్విభజనలో బీదరు మైసూరు రాష్ట్రంలోకి పోయింది, కల్యాణి బసవకల్యాణ్ అయింది. కాబట్టి విజ్ఞానేశ్వరుణ్ణి పరాయివాడని నేను అనుకోను.

నాలుగేళ్ళ కిందట మా కాలనీ పెద్దవాళ్ళం కొందరం వ్యాను మాట్లాడుకుని బసవకల్యాణ్ వెళ్ళాం. జహీరాబాదు దాటి, హుమ్నాబాదు దగ్గర మలుపు. అందరూ బసవేశ్వరుని అనుభవ మంటపం చూడటానికి వచ్చారు, చూశారు, దణ్ణం పెట్టుకున్నారు. బసవన్నది 12వ శతాబ్దమే, అదే ఊరు. నేను కోట గోడ నీడన కూర్చుని, ఇక్కడ ఎక్కడో ఒక మఠంలో తాటాకుల మీద ఆ మనిషి గంటం పట్టుకుని కూర్చున్నాడు కదా అని ఆలోచిస్తూ ఉండిపోయాను. అక్కడి వాళ్ళను విజ్ఞానేశ్వరుని గురించి అడిగితే ఒక పెద్దమనిషి కలబురగి దగ్గర మర్తూరు ఊరివాళ్ళు ఆయన్ను తమవాడంటారని చెప్పాడు. వ్యాను డ్రైవరు తొందర చేయడంతో అంతటితో లేచాను.

ఇక గ్రంథం విషయం. యాజ్ఞవల్క్య స్మృతి అని ఒక ధర్మశాస్త్రం ఉంది. వెయ్యి పైచిలుకు శ్లోకాలు. ఆచారం, వ్యవహారం, ప్రాయశ్చిత్తం అని మూడు అధ్యాయాలు. ఆచారం అంటే ఎలా బ్రతకాలో, వ్యవహారం అంటే తగవు వస్తే ఎలా తీర్చాలో, ప్రాయశ్చిత్తం అంటే తప్పు చేస్తే ఎలా కడుక్కోవాలో. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన వ్యాఖ్యానమే మితాక్షర. కొద్ది అక్షరాల్లో చెప్పినది అని అర్థం. ఋజుమితాక్షర అని కూడా అంటారు. పేరుకు కొద్ది అక్షరాలే గాని మూలం కంటే ఎన్నో రెట్లు పెద్దది. ఆఫీసులో సంక్షిప్త నోటు పెట్టమంటే పది పేజీలు పెట్టే మిత్రులు మనలోనూ ఉండేవారు గనుక నాకు ఇది వింత అనిపించలేదు. అయితే ఆయన సాగదీత ఊరకే కాదు. మనువు ఒకటంటాడు, నారదుడు ఒకటంటాడు, బృహస్పతి ఇంకొకటి. ఋషులు ఒకరితో ఒకరు విభేదిస్తే న్యాయం చెప్పేవాడు ఏం చేయాలి? విజ్ఞానేశ్వరుడు మీమాంసా శాస్త్రం పద్ధతిలో ఒక్కొక్క మాటనూ తూచి, ఏది ఎక్కడ వర్తిస్తుందో, ఏది దేనికి మినహాయింపో తేల్చి, చిక్కుపడ్డ నూలును ఉండగా చుట్టినట్లు చుట్టిపెట్టాడు. జి.ఓ.ల మీద జి.ఓ.లు, సవరణల మీద సవరణలు వచ్చి పడితే ఏది అమల్లో ఉందో తేల్చి కన్సాలిడేటెడ్ ఉత్తర్వు తయారు చేసిన వాళ్ళకు ఆ శ్రమ తెలుస్తుంది.

వ్యవహారాధ్యాయం చదువుతుంటే నాకు మా తాలూకా కచ్చేరిలో కూర్చున్నట్లే ఉంది. దావాకు నాలుగు పాదాలు: ఫిర్యాదు, దానికి జవాబు, రుజువు, తీర్పు. రుజువు అంటే దస్తావేజు, అనుభవం, సాక్షులు. ఈ మూడూ లేనప్పుడే త్రాసు, నిప్పు, నీరు, విషం, దేవుని తీర్థం అనే దివ్య పరీక్షలు. అప్పు పత్రంలో సంవత్సరం, మాసం, పక్షం, తిథి, పేరు, కులం, గోత్రం, తండ్రి పేరు ఉండాలి. కింద ఋణగ్రస్తుడు ఫలానావాని కొడుకు ఫలానా నాకు పైన వ్రాసినది సమ్మతమే అని తన చేతితో వ్రాయాలి. సాక్షులు కూడా తండ్రి పేరుతో సహా చేవ్రాలు చేయాలి. అన్నిటికంటె కింద వ్రాసినవాడు, ఇద్దరూ కోరగా నేను వ్రాశానని వ్రాయాలి. మన దస్తావేజు లేఖరులు ఇవాళ్టికీ చేసేది ఇదే గదా! అప్పు కొంచెం కొంచెంగా తీరుస్తుంటే ఆ జమ పత్రం వెనక వేయాలట. పూర్తిగా తీరాక పత్రం చింపివేయాలట. ప్రామిసరీ నోటు వెనక చెల్లు వేయించుకోక మునిగిపోయిన వాళ్ళు నాకు ఎందరో తెలుసు.

మన ప్రాంతం వారికి ఇంకో సంగతి ఆసక్తిగా ఉంటుంది. మేడ్చల్ చుట్టుపక్కల ప్లాటు కొని, రాళ్ళు పాతి, ఉద్యోగరీత్యా ఎక్కడో ఉండిపోయి, పదిహేనేళ్ళకు వచ్చి చూస్తే అక్కడ ఇంకెవరో రేకుల షెడ్డు వేసుకుని ఉండటం మన సభ్యుల్లో కొందరికి అనుభవమే. తన కళ్ళ ముందే పరాయివాడు భూమిని ఇరవై ఏళ్ళు, వస్తువును పదేళ్ళు అనుభవిస్తుంటే మాట్లాడక ఊరుకున్నవాడు నష్టపోతాడని యాజ్ఞవల్క్యుడు అన్నాడు. ఏం నష్టపోతాడు? భూమినే పోగొట్టుకుంటాడని చాలామంది అర్థం చెప్పారు. విజ్ఞానేశ్వరుడు ఒప్పుకోలేదు. ఊరుకున్నందుకు ఆ ఇరవై ఏళ్ళ ఫలసాయం పోతుంది గాని హక్కు పోదన్నాడు. నేటి లిమిటేషన్ చట్టం, అదే 1963 నాటిది, ఆయనంత దయ చూపలేదు. పన్నెండేళ్ళ ప్రతికూల స్వాధీనంతో హక్కే పోతుంది. కాబట్టి ఈ ఒక్క విషయంలో మితాక్షరను నమ్ముకోకుండా వెంటనే ప్రహరీ కట్టించుకోవలసిందిగా మిత్రులకు మనవి.

ఆయన కీర్తి నిలిచింది మాత్రం దాయభాగం మీద. అంటే ఆస్తి పంపకం. ఇక్కడ ఆయన ముందుగా వేసుకున్న ప్రశ్న చాలా పెద్దది. ఇది నాది అనే హక్కు ఎక్కడి నుంచి వస్తుంది, శాస్త్రం నుంచా లోకం నుంచా? శాస్త్రం చెప్పబట్టే హక్కు అని ఒక పక్షం. విజ్ఞానేశ్వరుడు లోకం పక్షం వహించాడు. శాస్త్రమంటే ఏమిటో ఎరుగని సరిహద్దు ప్రజల్లో కూడా ఇది నాది, అది నీది అనే వ్యవహారం ఉంది కదా, కొంటున్నారు అమ్ముతున్నారు కదా, కనుక హక్కు లౌకికమైనదే అన్నాడు. ఒక సన్న్యాసి, అందులోనూ శాస్త్రమే జీవితంగా ఉన్నవాడు, ఈ మాట అనడం నాకు ఎంతో నచ్చింది. అదే వరుసలో, తాతలనాటి ఆస్తిలో కొడుక్కి హక్కు పుట్టుకతోనే వస్తుందన్నాడు. తండ్రి బ్రతికి ఉండగానే కొడుకు కూడా హక్కుదారు. కుటుంబానికి ఆపద వస్తేనో, తప్పనిసరి ధర్మకార్యం వస్తేనో తప్ప తండ్రి ఒక్కడే అమ్మడానికి లేదు. తరువాత బెంగాలులో జీమూతవాహనుడు తన దాయభాగంలో దీన్ని కాదని, తండ్రి పోయాకే కొడుక్కి హక్కు అన్నాడు. బెంగాలు, అస్సాం ఆయన వెంట వెళ్ళాయి. మిగతా దేశమంతా కల్యాణి సన్న్యాసి వెంట నడిచింది.

పెద్దకొడుకు భాగం మాట చెప్పాలి. జ్యేష్ఠునికి ఎక్కువ ఇవ్వాలని స్మృతుల్లో ఉంది. మా ఊళ్ళలో కూడా పంపకాలప్పుడు పెద్దవాడికి ఒక ఎద్దో, ఒక మడో ఎక్కువ వేయడం నా చిన్నతనంలో చూశాను. విజ్ఞానేశ్వరుడు స్మృతిలో ఆ మాట లేదనలేదు. ఉంది, కాని లోకం దాన్ని ఏవగించుకుంటోంది, శాస్త్రసమ్మతమైనా లోకం అసహ్యించుకునే పని చేయకూడదని యాజ్ఞవల్క్యుడే అన్నాడు గనుక, సమానంగానే పంచుకోవాలని తేల్చాడు. ఇందులో ఒక చమత్కారం ఉంది. ఆయన ఎవరి నీడన కూర్చుని ఈ మాట వ్రాశాడో ఆ విక్రమాదిత్యుడు, సొంత అన్న రెండవ సోమేశ్వరుణ్ణి పడదోసి రాజ్యం తీసుకున్నవాడు. అన్నదమ్ముల పంపకం అధ్యాయం ఆ రాజు చదివాడో లేదో గాని, చదివితే ఏమనుకుని ఉంటాడా అని నాకు అప్పుడప్పుడు నవ్వు వస్తుంది.

ఆడవారి విషయానికి వస్తాను. కొడుకులు లేకుండా, వేరుపడి ఉన్న భర్త చనిపోతే ఆస్తి భార్యదేనన్నాడు. అంతకు ముందు ధారేశ్వరుడు, అంటే ధారానగరం ఏలిన భోజరాజేనంటారు, ఆ విధవ నియోగానికి, అంటే మరిది వంటి వారివల్ల బిడ్డను కనడానికి, ఒప్పుకుంటేనే ఆస్తి అన్నాడట. విజ్ఞానేశ్వరుడు ఆ వాదాన్ని ముక్కలు ముక్కలు చేశాడు. ధారానగరాన్ని చాళుక్యులు కత్తితో గెలిచారు, ఈయన గంటంతో గెలిచాడు. బిడ్డలు లేనివాని ఆస్తి వరుసలో తండ్రి కంటె తల్లిని ముందు పెట్టాడు. స్త్రీధనం అంటే పుట్టింటివారు పెట్టిన నగలు మాత్రమే కాదు, ఆమెకు వారసత్వంగా వచ్చినా, కొనుక్కున్నా, పంపకంలో వచ్చినా అది స్త్రీధనమేనని విస్తరించాడు.

పెళ్ళికాని ఆడపిల్లకు నాల్గవ పాలు ఇవ్వాలని స్మృతి. అంటే పెళ్ళి ఖర్చుకు సరిపడా ఇస్తే చాలునని భారుచి అనే పాత వ్యాఖ్యాత అన్నాడు. కాదు, అది పెళ్ళి ఖర్చు కాదు, భాగమే అన్నాడు విజ్ఞానేశ్వరుడు. అని ఊరుకోలేదు, మన అకౌంటెంటు మిత్రుల్లా లెక్క వేసి చూపించాడు. ఒక కొడుకు, ఒక కూతురు ఉంటే ఆస్తి రెండు భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని నాలుగు చేసి ఒక పాలు పిల్లకు ఇవ్వాలి. అంటే ఎనిమిదో వంతు, రూపాయిలో రెండణాలు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు అయితే మూడు భాగాలు చేసి, ఒక భాగంలో నాల్గవ పాలు. అంటే పన్నెండో వంతు. ఈ పన్నెండో వంతును పాఠకులు గుర్తుంచుకోవాలి.

అంతా పొగడ్తే వ్రాస్తే అబద్ధమవుతుంది. ఆయన కాలపు మనిషే. తాకట్టు లేని అప్పుకు బ్రాహ్మణుడి దగ్గర నెలకు నూటికి రెండు, క్షత్రియుడి దగ్గర మూడు, వైశ్యుడి దగ్గర నాలుగు, శూద్రుడి దగ్గర ఐదు వడ్డీ అన్న స్మృతి వాక్యానికి ఆయన నిమ్మళంగా అర్థం చెప్పుకుంటూ పోయాడు. ఉన్నవాడికి తక్కువ, లేనివాడికి ఎక్కువ. లోకం ఏవగించుకునేది చేయకూడదన్న సూత్రం ఇక్కడ ఆయనకు గుర్తు రాలేదు. విధవకు ఆస్తి అన్నాడు గాని పతివ్రత అయి ఉండాలన్నాడు. ఉమ్మడిలో ఉన్న భర్త పోతే ఆమెకు తిండీ బట్టా మాత్రమే. ఈ ఒక్క మెలికతో ఎన్ని వేల మంది ఆడవాళ్ళు వంటింట్లో అణగిపోయారో లెక్క లేదు.

ఆయన తరువాత పుస్తకం తన దారిన తాను నడిచింది. మనకు గర్వకారణం ఏమంటే, 13వ శతాబ్దంలోనే దాన్ని తెలుగులోకి తెచ్చిన మహానుభావుడు ఉన్నాడు. మూలఘటిక కేతన. తిక్కన సోమయాజికి ఆప్తుడు. దండి వ్రాసిన దశకుమార చరితను తెలుగు చేసి తిక్కనకే అంకితమిచ్చి అభినవదండి అనిపించుకున్నాడు. ఆంధ్రభాషాభూషణం అని తెలుగు వ్యాకరణాన్ని తెలుగు పద్యాల్లో వ్రాశాడు. మితాక్షరను విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు పద్యాల్లో పెట్టాడు. గ్రంథం పేరు వదిలి గ్రంథకర్త పేరే పుస్తకానికి పెట్టడం గమనించండి. ధర్మశాస్త్రం తెలుగులో చెప్పిన మొదటివాడు ఆయనే. తగవు వచ్చిన రైతు సంస్కృతం ఎక్కడ చదువుతాడు? ఊరి పెద్దలకైనా తెలుగులో ఒక పుస్తకం ఉండాలని ఆ నెల్లూరు సీమ కవికి తోచింది. భాషా విషయాలకు ఆయన్ను తలచుకుంటాం గాని ఈ పనికి తలచుకోం.

వంగదేశంలో కుంపిణీ జడ్జీగా ఉన్న కోల్‌బ్రూక్ దొర 1810లో మితాక్షర దాయభాగ ప్రకరణాన్ని ఇంగ్లీషు చేశాడు. అంతవరకు కోర్టుల్లో పండితులు ఉండి, దొరలు అడిగితే ధర్మం చెప్పేవారు. పుస్తకం ఇంగ్లీషులో చేతికి వచ్చాక మెల్లగా పండితుల అవసరం తీరిపోయింది. 1864లో ఆ పోస్టులే రద్దు చేశారు. మనలాగ పెన్షను ఇచ్చారో లేదో! 1868లో మధుర కలెక్టరు కేసులో ప్రివీ కౌన్సిలు, స్పష్టమైన ఆచారం రుజువైతే అది గ్రంథంలోని మాట కంటె బలమైనదని తీర్పు చెప్పింది. ఇది విజ్ఞానేశ్వరునికి సంతోషం కలిగించేదే. కాని పెళ్ళికాని ఆడపిల్ల నాల్గవ పాలు మాత్రం కోర్టుల్లో కరిగి కరిగి, భారుచి అన్నట్లు పెళ్ళి ఖర్చు దగ్గర ఆగిపోయింది.

ఉద్యోగులమైన మనకు నేరుగా సంబంధించిన ముచ్చట ఒకటుంది. చదువు వల్ల వచ్చిన సంపాదన ఎవరిది? కుటుంబం సొమ్ము ఖర్చు కాకుండా చదువుకుని సంపాదిస్తే అది సంపాదించినవాడిదే, కుటుంబ ఖర్చుతో చదివితే అందరిదీ అని మితాక్షర. దీన్ని పట్టుకుని 1921లో ప్రివీ కౌన్సిలు, కుటుంబ ధనంతో ప్రత్యేక విద్య చదివిన ఒక ఐ.సి.ఎస్. అధికారి జీతపు సంపాదన కూడా ఉమ్మడి ఆస్తే అంది. దేశంలో చదువుకున్నవాళ్ళంతా గగ్గోలు పెట్టారు. చివరకు 1930లో చట్టం చేసి చదువుల రాబడి ఎవరిది వారికే అన్నారు. ఆ చట్టమే లేకపోతే మన గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ములకు అన్నదమ్ములంతా బ్యాంకు ముందు వరుస కట్టేవారు.

స్వాతంత్ర్యం తరువాత 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చినా మితాక్షర ఉమ్మడి కుటుంబాన్ని అలాగే ఉంచారు. మన రాష్ట్రంలో ఎన్.టి.రామారావు గారి ప్రభుత్వం 1985 సెప్టెంబరు 5 నుంచి ఆడపిల్లకు కూడా పుట్టుకతో హక్కు ఇచ్చింది. అయితే అప్పటికే పెళ్ళయినవారికి వర్తించదు. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా పెళ్ళయినా కాకపోయినా కూతురు కొడుకుతో సమానం. తండ్రి ఆ తేదీకి బ్రతికి ఉండనక్కరలేదని 2020 ఆగస్టులో సుప్రీం కోర్టు తేల్చింది. పుట్టుకతో హక్కు అన్న ఆయన మాటే, కాకపోతే ఆడపిల్ల కూడా పుట్టిందని గుర్తించడానికి తొమ్మిది వందల ఏళ్ళు పట్టింది.

ఇక నా గొడవ. మేడ్చల్‌కు షామీర్‌పేటకు నడుమ ఉన్న మా ఊళ్ళో మా నాయనకు తాతల నాటి భూమి ఆరెకరాలు. మేము ఇద్దరు అన్నదమ్ములం, ఒక చెల్లెలు. 1979లో చెల్లె పెళ్ళి చేశాం. నాయన 1983లో పోయాడు. విరాసత్ దరఖాస్తు నేనే వ్రాశాను. అప్పటికి సర్వీసులో చేరి పదేళ్ళు దాటింది, అక్షరం తప్పు లేకుండా వ్రాస్తానని నాకు పేరు. వారసుల కాలంలో కొడుకులు ఇద్దరు అని వ్రాసి కింద గీత గీశాను. అమ్మ పేరు లేదు, చెల్లె పేరు లేదు. ఎవరూ అడగలేదు, ఏ కచ్చేరీ తప్పూ కాదు. కలం నాది. పెళ్ళికి అమ్మ గాజులు, నాయన కోడెలు అమ్మాం కదా, ఆమెది ఆమెకు ముట్టింది అనుకున్నాను. అచ్చం భారుచి వాదమే. ఆయన ఎవరో తెలియకుండానే.

చెల్లె మనుమరాలు షామీర్‌పేటలో 1998లో పెట్టిన న్యాయ విశ్వవిద్యాలయంలో చేరింది. ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వచ్చేది. ఒక రోజు ఏదో ప్రాజెక్టు కోసమని, తాతయ్యా, అమ్మమ్మ పుట్టింటి భూమి వివరాలు చెప్పు, ఉదాహరణగా వ్రాసుకుంటాను అంది. చెప్పాను. ఆ పిల్ల కాగితం మీద లెక్క వేసింది. ఆరెకరాలు అంటే రెండు వందల నలభై గుంటలు. మితాక్షర లెక్కన పెళ్ళికాని చెల్లెలికి పన్నెండో వంతు, ఇరవై గుంటలు. 1956 చట్టం లెక్కన నాయన మూడో వంతు అమ్మకు, ముగ్గురు పిల్లలకు పంచితే చెల్లె పాలు మళ్ళీ ఇరవై గుంటలే. 1985 చట్టంతో సున్నా అదనం, ఎందుకంటే పెళ్ళయిపోయింది. మా పంపకం నోటిమాటే గాని రిజిస్టరు కాలేదు గనుక 2005 తరువాత మూడో వంతు, ఎనభై గుంటలు. మేము ఇచ్చింది ఎంత తాతయ్యా అని అడిగింది. ఆ కాలం ఖాళీగా వదిలి అన్నం తినడానికి లేచింది. పిల్లకు ఎత్తిపొడవాలని లేదు, ఆకలైంది. నాకు ముద్ద దిగలేదు. మితాక్షర తెచ్చిపెట్టమని ఆ పిల్లనే అడిగి చదవడం మొదలుపెట్టింది ఆ వారమే.

నిరుడు దసరాకు తమ్ముడి దగ్గర మాట ఎత్తాను. ఔటర్ రింగు రోడ్డు వచ్చాక మా భూమి ధర ఏమైందో మీకు చెప్పనక్కరలేదు. నలభై ఏళ్ళు లేని ధర్మం ఇప్పుడెందుకు అన్నా, పెద్దవాడివి నువ్వే కదా వ్రాసింది అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అరెకరం వరకు ఒప్పుకుంటాను, రెండెకరాలు కాదని లేచిపోయాడు. సంక్రాంతికి రాలేదు. చెల్లెను అడిగితే, అన్నా, నాకు భూమి వద్దు, మీరిద్దరూ మాట్లాడుకోకుండా ఉంటే నేను ఏ గడపకు పండుగకు రావాలి అని ఏడ్చింది.

నా మూడెకరాల నుంచి ఎకరం ఆమె పేర చేయడానికి కాగితాలు సిద్ధం చేయించాను. తమ్ముడి భాగంలోది తమ్ముడు తేల్చుకోవాలి. వచ్చే నెల సర్వేయరు కొలతకు వస్తానన్నాడు. ఏ వైపు కావాలో చెప్పమని మొన్న ఫోనులో పట్టుబడితే చాలాసేపటికి చెల్లె నోరు విప్పింది. బావి పక్క మడి కావాలంది. చిన్నప్పుడు అమ్మతోబాటు నాట్లు వేసింది అందులోనేనట.